ఆటో స్కేలింగ్‌లో కొత్త సర్వరు ‘సిద్ధం’ అని ఎవరు చెప్పాలి?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో మీకొక ఆటో స్కేలింగ్ గ్రూపు, అంటే రద్దీని బట్టి సర్వర్లను పెంచి తగ్గించే అమరిక, ఉంది. దాని ముందు, వచ్చే అభ్యర్థనలను సర్వర్లకు పంచే అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సరు ఉంది, వెనుక ఉబుంటు సర్వర్ల మీద ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరు, దాని వెనుక జావా అప్లికేషన్ నడుస్తున్నాయి. సర్వరు పుట్టినప్పుడు చేయవలసిన పనంతా లాంచ్ టెంప్లేటులోని (కొత్త సర్వరు ఎలా ఉండాలో చెప్పే నమూనాలోని) యూజర్ డేటా స్క్రిప్టుకు, అంటే తొలి బూట్‌లో నడిచే స్క్రిప్టుకు, అప్పగించారు, అది ముగియడానికి దాదాపు 9 నిమిషాలు పడుతోంది. రద్దీ పెరిగినప్పుడు వస్తున్న కొత్త సర్వర్లలో కొన్నింటిని గ్రూపే మధ్యలో తొలగించి వాటి స్థానంలో మళ్లీ కొత్తవి పుట్టిస్తోంది. తొలగిపోకుండా మిగిలినవి వాడుకరులకు కాసేపు 502 లోపాలు (వెనుకనున్న అప్లికేషన్ నుంచి సరైన జవాబు రాలేదన్నవి) చూపిస్తున్నాయి. హెల్త్ చెక్ (సర్వరు ఆరోగ్యంగా ఉందా అన్న పరీక్ష)లో విఫలమైనా కొత్త సర్వరును తొలగించకుండా ఆగే వ్యవధిని, అంటే గ్రేస్ పీరియడ్‌ను, 20 నిమిషాలకు పెంచితే రెండు సమస్యలూ తీరుతాయా అని మీరు అడుగుతున్నారు.

తీరవు. మొదటిది కంటికి కనిపించకుండా పోతుంది, రెండోది అలాగే ఉంటుంది. మీకు కనిపిస్తున్న రెండు లక్షణాలకూ కారణం ఒక్కటే: సర్వరు సిద్ధమైందో లేదో తెలియని గ్రూపు ఆ నిర్ణయాన్ని తానే తీసుకుంటోంది.

మీ సర్వరు జీవితంలోని మొదటి 9 నిమిషాలను దగ్గరగా చూద్దాం. ఈసీ2 యంత్రం (ఏడబ్ల్యూఎస్ వర్చువల్ సర్వరు) ‘రన్నింగ్’ స్థితికి రాగానే, మధ్యలో లైఫ్‌సైకిల్ హుక్ (సర్వరును పనిలోకి తీసుకునే ముందు ఆపి ఉంచే ఏర్పాటు) ఏదీ లేకపోతే, గ్రూపు దాన్ని ‘ఇన్‌సర్వీస్’ (పనిలో ఉంది) అని లెక్కవేసి లోడ్ బ్యాలెన్సరు టార్గెట్ గ్రూపులో, అంటే ట్రాఫిక్ అందుకునే సర్వర్ల జాబితాలో, చేర్చేస్తుంది. మీ యూజర్ డేటా స్క్రిప్టు అప్పటికి బహుశా ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు దింపే సాధనం) జాబితాలను కూడా దింపుకొని ఉండదు. స్క్రిప్టు ఒకటి నడుస్తోందన్న సంగతే గ్రూపుకు తెలియదు, తెలిసే మార్గమూ లేదు. గ్రేస్ పీరియడ్ లెక్క కూడా ఆ ఇన్‌సర్వీస్ క్షణం నుంచే మొదలవుతుంది. కన్సోల్ (ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీ) ద్వారా గ్రూపు చేసినవారికి అది 300 సెకన్లుగా వస్తుంది, కమాండ్ లైను ద్వారా విలువ ఇవ్వకుండా చేస్తే సున్నాగా వస్తుంది. మీరు కన్సోల్‌లో చేశానన్నారు కాబట్టి 300 అనుకుందాం.

మీ స్క్రిప్టులో ఎన్‌జిన్‌ఎక్స్ ముందు లేస్తుంది, జావా అప్లికేషన్ చివర లేస్తుంది. హెల్త్ చెక్ మూల పేజీని అడుగుతుంది, ఆ పేజీని ఎన్‌జిన్‌ఎక్స్ ఒక్కటే ఇవ్వగలదు. ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు త్వరగా వచ్చి ఎన్‌జిన్‌ఎక్స్ 5 నిమిషాల లోపు లేచిందంటే హెల్త్ చెక్‌కు 200 (అంతా సరే అన్న) జవాబు వెళ్తుంది, బ్యాలెన్సరు ట్రాఫిక్ పంపుతుంది, వెనుక జావా ఇంకా లేవలేదు కాబట్టి ఎన్‌జిన్‌ఎక్స్ 502 ఇస్తుంది. ప్యాకేజీలు ఆలస్యమై ఎన్‌జిన్‌ఎక్స్ 5 నిమిషాలు దాటాక లేస్తే గ్రూపు ఆ సర్వరును అనారోగ్యంగా తేల్చి తొలగిస్తుంది. ఒకే స్క్రిప్టుకు రెండు వేర్వేరు ఫలితాలు రావడం మీకు వింతగా తోచింది గానీ, ఆ రోజు ప్యాకేజీ మిర్రర్ (ప్యాకేజీలను అందించే సర్వరు) ఎంత వేగంగా ఉందన్న దాన్ని బట్టే అవి మారుతున్నాయి. గ్రేస్‌ను 20 నిమిషాలకు పెంచితే తొలగింపులు ఆగుతాయి, 502లు ఆగవు. పైగా నిజంగా చెడిపోయిన సర్వరు కూడా 20 నిమిషాల పాటు ‘సామర్థ్యం’ లెక్కలోనే ఉండిపోతుంది.

ఇలాంటిదే నా అనుభవంలో ఒకటి ఉంది. పరీక్షా ఫలితాలు చూపించే ఒక సైటుకు నేను పనిచేసిన రోజుల్లో, ఉదయం 11 గంటలకు ఫలితాల విడుదల అనగా 10:45కు సర్వర్ల సంఖ్యను 2 నుంచి 8కి పెంచాం. కొత్తగా వచ్చిన ఆరింటిలో రెండింటి దగ్గరకు వెళ్లిన విద్యార్థులకు మార్కుల పేజీ బదులు ఎన్‌జిన్‌ఎక్స్ స్వాగత పేజీ కనిపించింది. హాల్ టికెట్ నంబరు చేతిలో పెట్టుకొని కూర్చున్న పిల్లలకు ఆ పేజీ ఎలా కనిపించి ఉంటుందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ రెండు సర్వర్లలోకి వెళ్లి క్లౌడ్-ఇనిట్ (యూజర్ డేటా స్క్రిప్టును నడిపే కార్యక్రమం) అవుట్‌పుట్ లాగ్ తెరిస్తే, మధ్యలో ఒక్క వరుస ఉంది: డీపీకేజీ (ప్యాకేజీలను స్థాపించే సాధనం) లాక్ దొరకలేదు, దాన్ని మరొక ప్రాసెస్ పట్టుకొని ఉంది. ఉబుంటు తొలి బూట్‌లోనే తనంతట తాను భద్రతా నవీకరణలు వేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ పని, మా స్క్రిప్టు ఒకే లాక్ కోసం పోటీపడ్డాయి. అప్లికేషన్ ప్యాకేజీ పడలేదు. స్క్రిప్టు ఆగకుండా తర్వాతి వరుసకు వెళ్లి, ఇమేజిలో (సర్వరు పుట్టడానికి వాడే డిస్కు నమూనాలో) ముందే ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్‌ను ప్రారంభించి, ‘పూర్తయింది’ అని రాసి ముగిసింది. హెల్త్ చెక్‌కు 200 వెళ్లింది. ఎక్కడా ఒక్క అలారం మోగలేదు.

కాబట్టి మీరు మొదట చేయవలసిన మార్పు లైఫ్‌సైకిల్ హుక్. సర్వరు ప్రారంభమయ్యే దశకు హుక్ పెట్టితే, కొత్త యంత్రం ‘పెండింగ్ వెయిట్’ అనే స్థితిలో ఆగుతుంది. ఇన్‌సర్వీస్‌లోకి రాదు, టార్గెట్ గ్రూపులో చేరదు, గ్రేస్ గడియారం మొదలవదు. స్క్రిప్టు చివర, అన్నీ సిద్ధమయ్యాయని సర్వరు తానే పరీక్షించుకొన్న తరువాత, ‘కంప్లీట్ లైఫ్‌సైకిల్ యాక్షన్’ అనే పిలుపుతో ‘కంటిన్యూ’ అని చెబుతుంది. మధ్యలో ఏ ఆదేశం విఫలమైనా బ్యాష్ ట్రాప్ (లోపం వచ్చినప్పుడు దానంతటదే నడిచే షెల్ ఏర్పాటు) ద్వారా ‘అబాండన్’ (వదిలేయి) అని చెబుతుంది, గ్రూపు ఆ యంత్రాన్ని తొలగించి మరొకటి ప్రయత్నిస్తుంది. స్క్రిప్టు ఏదీ చెప్పకుండా చచ్చిపోతే హుక్ గడువు ముగిశాక డిఫాల్ట్ ఫలితం అమలవుతుంది. దాన్ని తప్పకుండా అబాండన్‌గానే ఉంచండి. గడువు మీరు మార్చకపోతే 3600 సెకన్లు, అంటే మాట్లాడని సర్వరు కోసం గ్రూపు గంటసేపు ఎదురుచూస్తుంది. మీ బూట్ సమయానికి రెండు మూడింతలు ఇస్తే చాలు. ఇప్పటి 9 నిమిషాలకైతే 1500 సెకన్లు పెట్టి, బూట్ తగ్గించాక దాన్నీ తగ్గించండి. ఈ పిలుపు చేయడానికి సర్వరుకిచ్చిన ఐఏఎం రోల్‌లో (ఏడబ్ల్యూఎస్ సేవలను వాడే హక్కుల పట్టీలో) అనుమతి ఉండాలి. ఆ అనుమతి మరచిపోయి, అంతా సరిగ్గా నడిచి చివరి వరుసలో ఆగిపోయిన గ్రూపులను చాలా చూశాను.

సిద్ధమా కాదా అన్న ఆఖరి పరీక్ష విషయంలో కాస్త ఆలోచించాలి. స్క్రిప్టు చివర చేసే పరీక్ష లోతుగా ఉండాలి: జావా పోర్టు తెరుచుకుందా, డేటాబేస్‌కు ఒక చిన్న ప్రశ్న పంపితే జవాబు వస్తోందా, ఈ విడుదల సంఖ్యే నడుస్తోందా అన్నవి చూడాలి. లోడ్ బ్యాలెన్సరు 30 సెకన్లకోసారి అడిగే హెల్త్ చెక్ మాత్రం మూల పేజీని కాక జావా అప్లికేషన్‌లోని ఒక ప్రత్యేక చిరునామాను అడగాలి, ఆ చిరునామా డేటాబేస్ దాకా వెళ్లకూడదు. అదీ లోతుగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ డేటాబేస్ ఒక్క నిమిషం నెమ్మదించిందంటే సర్వర్లన్నీ ఒకేసారి అనారోగ్యంగా తేలతాయి, గ్రూపు ఆరోగ్యంగా ఉన్న సర్వర్లన్నింటినీ తొలగించడం మొదలుపెడుతుంది, కొత్తగా లేచేవి అదే డేటాబేస్ మీద మరింత భారం వేస్తాయి.

ఇక ఆ 9 నిమిషాల సంగతి. హుక్ పెట్టినంత మాత్రాన బూట్ వేగం పెరగదు. రద్దీ వచ్చాక ఆప్ట్‌తో జావా దింపుకోవడమంటే విస్తళ్లు వేశాక పప్పు నానబెట్టడానికి వెళ్లడమే. సర్వరు సర్వరుకూ మారనిదంతా, అంటే జావా, ఎన్‌జిన్‌ఎక్స్, ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైను సాధనం, లాగ్ ఏజెంటు, ఆపరేటింగ్ సిస్టం నవీకరణలు, ముందే ఒక ఇమేజిలో ఉండాలి. ప్యాకర్ అనే సాధనంతో చేసినా, ఏడబ్ల్యూఎస్ వారి ఇమేజ్ బిల్డర్‌తో చేసినా ఫలితం ఒక్కటే. అప్లికేషన్ జార్ ఫైలును కూడా ఇమేజిలోనే పెట్టాలా, బూట్ సమయంలో ఎస్3 (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వ) నుంచి తెచ్చుకోవాలా అన్న దానిపై వాదనలు ఎప్పుడూ ఉంటాయి. రోజుకు పలుసార్లు విడుదల చేసే బృందమైతే ఎస్3 నుంచి తెచ్చుకోవడం సులువు, వారానికో విడుదల చేసే మీలాంటి వారికి ఇమేజిలోనే పెట్టడం మేలని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా విడుదల సంఖ్యను స్పష్టంగా రాయండి. ‘లేటెస్ట్’ అన్న పేరుతో ఉన్న ఫైలును తెచ్చుకునే స్క్రిప్టుంటే, ఉదయం లేచిన సర్వరులో ఒక కోడు, మధ్యాహ్నం లేచిన సర్వరులో మరొక కోడు నడుస్తాయి, దాన్ని పట్టుకోవడానికి ఒక రోజంతా పోతుంది.

ఇమేజి తయారీలో రెండు విషయాలు తరచుగా తప్పుతాయి. ఇమేజి తీసే ముందు క్లౌడ్-ఇనిట్ క్లీన్ ఆదేశం నడిపి పాత జాడలు, లాగులు తుడిచి, మెషీన్ ఐడీ ఫైలును ఖాళీ చేయాలి. లేకపోతే ఆ ఐడీని బట్టి సర్వర్లను గుర్తించే ఏజెంట్లు మీ సర్వర్లన్నింటినీ ఒక్కటిగానే చూపిస్తాయి. రెండోది, ఇమేజిలో అన్నీ ఉన్నా తొలి బూట్‌లో జావా లేవడం మీరు కొలిచిన దానికన్నా నెమ్మదిగా ఉండవచ్చు. ఈబీఎస్ డిస్కు స్నాప్‌షాట్ నుంచి పుట్టినప్పుడు అందులోని బ్లాకులు అడిగినప్పుడే ఎస్3 నుంచి వస్తాయి కాబట్టి ప్రతి బ్లాకు మొదటి పఠనం ఆలస్యమవుతుంది. ఫాస్ట్ స్నాప్‌షాట్ రిస్టోర్ దీన్ని తీరుస్తుంది గానీ స్నాప్‌షాటుకు, జోనుకు గంటల లెక్కన డబ్బు అడుగుతుంది. ఇమేజిని చిన్నదిగా ఉంచడం చౌకైన మార్గం.

ఇదంతా చేశాక యూజర్ డేటాలో మిగిలేది చాలా తక్కువ: ఈ సర్వరు పరీక్షల కోసమా, నిజమైన వాడుక కోసమా అన్నది తెలుసుకోవడం, అమరికలు తెచ్చి ఫైలులో రాయడం, సేవలను ప్రారంభించడం, పరీక్షించడం, హుక్‌కు జవాబు చెప్పడం. దానికి 16 కిలోబైట్ల పరిమితి ఉంది. మీ స్క్రిప్టు ఆ పరిమితికి దగ్గరగా వస్తోందంటే ఇమేజిలో ఉండవలసిన పని ఇక్కడ చేరిందనే అర్థం.

ఆ చిన్న స్క్రిప్టు ఎలా నడుస్తుందో తెలుసుకోవడం మీకు అవసరం. క్లౌడ్-ఇనిట్ దాన్ని రూట్‌గా, బూట్ చివరి దశలో, ఒక్కొక్క ఇన్‌స్టెన్స్ (సర్వరు) ఐడీకి ఒక్కసారే నడుపుతుంది. సర్వరును రీబూట్ చేస్తే మళ్లీ నడవదు. గూగుల్ క్లౌడ్ స్టార్టప్ స్క్రిప్టు ప్రతి బూట్‌లోనూ నడుస్తుంది, కాబట్టి అక్కడి నుంచి వచ్చినవారు ఇక్కడ తడబడతారు. రీబూట్ తరువాత కూడా జరగాల్సిన పనిని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే కార్యక్రమం) సేవగా ఇమేజిలో పెట్టండి. మొదటి వరుసలో బ్యాష్ పేరు చెప్పే షెబాంగ్ తప్పనిసరి. విండోస్‌లో రాసి వరుస చివర క్యారేజ్ రిటర్న్ చిహ్నాలతో భద్రపరిస్తే షెల్ దొరకలేదన్న అయోమయపు లోపం వస్తుంది. రెండో వరుసలో ‘సెట్’ ఆదేశానికి ‘ఈ’, ‘యూ’, ‘పైప్‌ఫెయిల్’ ఐచ్ఛికాలు ఇవ్వండి, అప్పుడు ఆదేశం విఫలమైనా, విలువ లేని చలరాశిని వాడినా స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. ఆ ఒక్క వరుస ఉండి ఉంటే మా ఫలితాల సైటులో ఆ రెండు సర్వర్లు అబద్ధపు ‘పూర్తయింది’ రాసేవి కావు. అయితే ‘యూ’ పెట్టాక ఒక జాగ్రత్త అవసరం: ఈ స్క్రిప్టు నడిచే పరిసరంలో ‘హోమ్’ చలరాశి ఉండకపోవచ్చు. చేత్తో నడిపితే పనిచేసిన స్క్రిప్టు బూట్‌లో విఫలమైతే నేను మొదట చూసేది అదే. ‘హోమ్’ విలువను మీరే పైన రాసేయండి.

మరొక గుంట గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పడినవారికి లోపం అంటూ ఏదీ కనిపించదు, స్క్రిప్టు అలా ఆగిపోయి ఉంటుంది. మీ జావా సేవ యూనిట్ ఫైలులో (సేవను ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలులో) ‘క్లౌడ్-ఫైనల్ తరువాత ప్రారంభించు’ అని రాశారనుకోండి, అది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ యూజర్ డేటా స్క్రిప్టు నడిచేదే క్లౌడ్-ఫైనల్ సేవ లోపల. స్క్రిప్టులోంచి ఆ జావా సేవను ప్రారంభించమంటే, సిస్టమ్‌డీ క్లౌడ్-ఫైనల్ ముగిసేదాకా ఆగుతుంది, క్లౌడ్-ఫైనల్ స్క్రిప్టు ముగిసేదాకా ఆగుతుంది, స్క్రిప్టు సిస్టమ్‌డీ జవాబు కోసం ఆగుతుంది. హుక్ గడువు అయ్యేవరకు ఎవరూ కదలరు. ఆ వరుసను యూనిట్ ఫైలులోంచి తీసేయడం సరైన పరిష్కారం.

రహస్యాల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. డేటాబేస్ పాస్‌వర్డును యూజర్ డేటాలో రాయకండి. ఆ పాఠాన్ని లాంచ్ టెంప్లేటు చూడగలిగిన ప్రతివారూ చదవగలరు, సర్వరు మీద నడిచే ఏ ప్రాసెస్ అయినా 169.254.169.254 అనే మెటాడేటా చిరునామా (సర్వరు తన వివరాలు తాను అడిగే చోటు) నుంచి దాన్ని తెచ్చుకోగలదు. పాస్‌వర్డును సీక్రెట్స్ మేనేజరులోనో, పారామీటర్ స్టోరులోనో పెట్టి, ఐఏఎం రోల్ ద్వారా బూట్ సమయంలో తెచ్చుకోండి. లాంచ్ టెంప్లేటులో మెటాడేటా రెండో సంస్కరణను తప్పనిసరి చేయండి. అప్పుడు స్క్రిప్టు ముందుగా టోకెన్ తీసుకొని, ఆ టోకెన్‌తోనే ఇన్‌స్టెన్స్ ఐడీ వగైరా అడగాలి. నేరుగా అడిగే పాత స్క్రిప్టులకు 401 (అనుమతి లేదు) వస్తుంది.

డేటాబేస్ మైగ్రేషన్లను (పట్టికల నిర్మాణంలో మార్పులను) కూడా బూట్ స్క్రిప్టులోంచి తీసేయండి. ఒకే సర్వరు ఉన్నప్పుడు అది పనిచేస్తుంది. ఒకేసారి అయిదు సర్వర్లు లేచినప్పుడు అయిదూ ఒకే పట్టికను మార్చడానికి దిగుతాయి. అది విడుదల ప్రక్రియలో ఒక్కసారి జరగవలసిన పని.

ఇవి చేశాక బూట్ సమయం రెండు నిమిషాల లోపుకు రావాలి. అది కూడా ఎక్కువనిపించే చోట వార్మ్ పూల్ వాడవచ్చు: సర్వర్లను ముందే పుట్టించి, సిద్ధం చేసి, ఆపి ఉంచుతారు, అవసరమైనప్పుడు లేపుతారు. ఆపి ఉన్నంతకాలం డిస్కుకు తప్ప యంత్రానికి డబ్బు పడదు. అయితే ఇక్కడ హుక్ రెండుసార్లు మోగుతుంది, పూల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, పూల్‌లోంచి పనిలోకి వచ్చేటప్పుడు మరొకసారి. యూజర్ డేటా మాత్రం మొదటిసారే నడుస్తుంది. అందువల్ల రెండోసారి జవాబు చెప్పే బాధ్యతను ప్రతి బూట్‌లోనూ నడిచే సిస్టమ్‌డీ సేవకు ఇవ్వాలి, లేకపోతే లేచిన సర్వరు మౌనంగా గడువు దాకా కూర్చుంటుంది. రద్దీ వచ్చే వేళ ముందే తెలిసిన చోట, ఫలితాల రోజులాగా, వార్మ్ పూల్ కన్నా షెడ్యూల్డ్ స్కేలింగే మేలు. 11 గంటలకు విడుదలైతే 10 గంటలకే కనిష్ఠ సంఖ్యను పెంచేయండి, ఏదైనా తప్పు జరిగితే సరిదిద్దడానికి ఒక గంట మీ చేతిలో ఉంటుంది.

ఈ మార్పులను పరీక్షించేటప్పుడు మీకు ఎదురయ్యే చిక్కు, విఫలమైన సర్వరును గ్రూపు తొలగించడం వల్ల దానితోపాటే లాగులూ పోవడం. దీనికి నేను చేసేదిది: అదే లాంచ్ టెంప్లేటుతో, గ్రూపు బయట, ఒక్క సర్వరును విడిగా పుట్టిస్తాను. దాన్ని తొలగించేవారు ఎవరూ ఉండరు. చివర హుక్ పిలుపు మాత్రం విఫలమవుతుంది, అక్కడిదాకా వచ్చిందంటే మిగతాదంతా నడిచినట్లే. అందులోకి లాగిన్ అయి, క్లౌడ్-ఇనిట్ స్టేటస్ ఆదేశానికి వెయిట్ ఐచ్ఛికం ఇచ్చి ముగిసేవరకు ఆగి, క్లౌడ్-ఇనిట్ అనలైజ్ బ్లేమ్ నడపండి. క్లౌడ్-ఇనిట్‌లోని ఏ మాడ్యూలుకు ఎన్ని సెకన్లు పోయాయో అవరోహణ క్రమంలో చూపిస్తుంది. మీ స్క్రిప్టు మొత్తం అందులో ఒక్క వరుసగానే కనిపిస్తుంది కాబట్టి, స్క్రిప్టు లోపల ప్రతి దశకు ముందు సమయాన్ని లాగులో రాయించండి. నిజమైన గ్రూపులో విఫలమైన వాటి కోసం, అబాండన్ చెప్పే ముందు ట్రాప్‌లోనే క్లౌడ్-ఇనిట్ అవుట్‌పుట్ లాగ్‌ను ఇన్‌స్టెన్స్ ఐడీ పేరుతో ఎస్3కి పంపండి. సర్వరు పుట్టుక విఫలమైనప్పుడు వచ్చే ఈవెంట్‌బ్రిడ్జ్ (ఏడబ్ల్యూఎస్‌లో సంఘటనలను తెలియజేసే సేవ) సంఘటనకు ఒక హెచ్చరిక కట్టండి. లేకపోతే చెడ్డ ఇమేజితో గ్రూపు పుట్టిస్తూ, తొలగిస్తూ తెల్లవారే దాకా తిరుగుతూనే ఉంటుంది.

ఆచరణలో ముందుగా హుక్, అబాండన్ ట్రాప్, హెల్త్ చెక్ చిరునామా మార్పు ఈ రోజే చేయండి. వీటికి కొత్త ఇమేజి అక్కర్లేదు, 502లు వీటితోనే ఆగుతాయి. గ్రేస్ పీరియడ్‌ను 300 దగ్గరే వదిలేయండి, హుక్ తరువాత దానికి చేయవలసిన పని పెద్దగా ఉండదు. ఇమేజి తయారయ్యాక లాంచ్ టెంప్లేటుకు కొత్త సంస్కరణ చేసి, గ్రూపును ఆ సంస్కరణ సంఖ్యకే కట్టి, ఇన్‌స్టెన్స్ రిఫ్రెష్ ద్వారా పాత సర్వర్లను కొన్నికొన్నిగా మార్చండి. మొదటి కొత్త సర్వరు కంటిన్యూ చెప్పి ఇన్‌సర్వీస్‌లోకి వచ్చేదాకా స్కేలింగ్ కార్యకలాపాల పేజీని చూస్తూ ఉండండి. అక్కడ ఆగిపోయిందంటే ఎస్3లో చేరిన లాగులోని చివరి ఇరవై వరుసలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.